అన్నకు చదివి వినిపించని ఉత్తరం

పన్నెండేళ్లుగా ఒక ఉత్తరాన్ని మోస్తున్నాను. కాగితం బరువెంత ఉంటుంది? ఊదితే లేచిపోతుంది. నాకు మాత్రం అది నిండు బిందె. బిందెనైనా ఇంటికి రాగానే దింపుకుంటాం. దీన్ని ఎక్కడ దింపాలో తెలియక ఇన్నేళ్లూ నడిచాను.

ఇది చదివే మీరెవరో నాకు తెలియదు. తెలియదు కాబట్టే చెప్పగలుగుతున్నాను. నా పేరు రాయను. మా అన్న పేరూ రాయను. ఆయన పేరు మీద నేను ఒకసారి రాసిందే చాలు.

ఏడుస్తూ రాస్తున్నానని అనుకోకండి. నేను చల్లగానే ఉన్నాను. కరీంనగర్‌లో మా ఇంటి వెనక తులసి ఉంది, పొద్దున్నే దీపం పెట్టే ఓపిక ఉంది, రెండు పూటలా తిండి ఉంది, “చెల్లె” అని పిలిచే అన్న ఉన్నాడు. ఇవన్నీ నేను అడిగి తెచ్చుకున్నవి కావు. దేవుడు ఇచ్చాడు. ఇచ్చినందుకు రోజూ దండం పెడతాను. అయితే దండం పెట్టిన ప్రతిసారీ రెండు అరచేతుల నడుమ ఆ కాగితం అడ్డం ఉన్నట్టే అనిపిస్తుంది. ఇచ్చినవాడికి కూడా చేతులు పూర్తిగా ఆనించి మొక్కలేకపోయాను.

మా అన్న వకీలు. రెండుసార్లు పార్లమెంటు సభ్యుడు. మా అవ్వ పుట్టిన ఊరు బోథ్ వైపు కాబట్టి ఆదిలాబాద్ వైపు నుంచి నిలబడ్డాడు. మీటింగులో తెలుగు మాట్లాడితే జనం కదలకుండా వినేవాళ్లు. కానీ ఆయనకు తెలుగు చదవడం రాదు. అక్షరమే రాదు.

నవ్వకండి. మా కాలంలో అది వింత కాదు. నిజాం సర్కారులో బడి ఉర్దూ, కోర్టు ఉర్దూ, కొలువు ఉర్దూ. కొడుకును బడికి పంపితే ఉర్దూ వచ్చేది, ఆపైన ఇంగ్లీషు వచ్చేది. ఆడపిల్లను బడికి పంపరు కాబట్టి మా బాపు నన్ను ఇంట్లో కూర్చోబెట్టి, పళ్లెంలో ఇసుక పోసి, వేలుపట్టి తెలుగు నేర్పాడు. పురాణం చదివి అవ్వకు వినిపిస్తే చాలనుకున్నాడు. అలా మా ఇంట్లో పెద్ద చదువు చదివిన కొడుక్కి ఇంటి భాష చదవరాకపోయింది. గడప దాటని బిడ్డకు వచ్చింది. ఢిల్లీకి పోయే మనిషికి ఓట్లేసినవాళ్ల ఉత్తరాలు చదివి పెట్టే పని అందుకే నాకు దక్కింది.

దక్కింది అనే అంటాను. ఆ పనంటే నాకు అంత ఇష్టం.

పొద్దున పదింటికి టపా వచ్చేది. అన్న వాకిట్లో పడక కుర్చీలో కూర్చునేవాడు. నేను గడపకు ఇవతల పీట మీద. ఒక్కో ఉత్తరం విప్పి చదివేదాన్ని. ఆయన జవాబు చెప్పేవాడు, నేను రాసేదాన్ని. రాసింది మళ్లీ చదివి వినిపిస్తే ఇంగ్లీషులో సంతకం పెట్టేవాడు. మొదటి రోజే ఒక షరతు పెట్టాడు.

“ఒక్క అక్షరం ఇడిసిపెట్టకు చెల్లె. తిట్టున్నా సదువు. మనకు రాసినోనికి మనం ఇచ్చేది గంతే, మొత్తం వినుడు.”

తిట్లు బాగానే ఉండేవి. ఒకరోజు ఒకాయన గాడిద అని రాశాడు. నా నోరు ఆగింది. అన్న కళ్లు మూసుకునే అడిగాడు.

“ఏమాయె?”

“గాడిద అని రాసిండన్నా.”

“ఏ గాడిద? మోసేదా, తన్నేదా?”

“గది రాయలే.”

“మరి అడుగుదాం. రాయి జవాబు.”

నిజంగానే రాయించాడు. ఆ మనిషి తరువాత మా ఇంటికొచ్చి బువ్వ తిని పోయాడు.

మా అన్న నమ్మినవి నేను అన్నీ నమ్మలేదు. అయినా ఆయన నమ్మిన తీరు నాకు తెలుసు. పోలీస్ యాక్షన్ అయిన కొత్తలో జైళ్లలో పడ్డవాళ్ల కోసం, ఏ మతమని గాని ఏ జెండా అని గాని అడగకుండా కోర్టుకు పోయాడు. మావాళ్లే మొహం తిప్పుకున్నారు. “వినకుంట శిక్ష వెయ్యద్దు,” ఆయన అనేది ఇదొక్కటే. పార్లమెంటుకు పోయినా అదే మాట. విచారణ లేకుండా మనిషిని జైల్లో పెట్టొద్దన్నాడు. ఉరి వద్దన్నాడు. గుడి అందరిదీ అన్నాడు. ఆడపిల్లకు ఆస్తిలో పాలు ఉండాలన్నాడు. భార్య ఉండగా ఇంకొకతెను తెచ్చుకునే మగవాడిని చట్టం ఆపాలనీ, ఆ భార్య విడిపోతానంటే విడిపోనివ్వాలనీ అన్నాడు. సొంత పార్టీ వాళ్లే “ఎన్నికలున్నయి, జర మెల్లగ” అంటే, “నా నోరు మెల్లగ రాదు” అన్నాడట.

గుడికి మాత్రం రాడు. నన్ను కొండగట్టుకు తీసుకుపోయి, తాను కింద నీడలో పేపరు పట్టుకుని కూర్చునేవాడు. “నా దండం గూడ నువ్వే పెట్టిరా చెల్లె. నాకాయనతోని పరిచయం లేదు,” అనేవాడు. నేను రెండు దండాలు పెట్టి వచ్చేదాన్ని. ఆ రోజుల్లో నా చేతుల మధ్య ఏమీ లేదు.

ఇక నా సంగతి చెప్పాలి. చెప్పకపోతే నేను చేసింది మీకు అర్థం కాదు. చెప్తే మన్నిస్తారని కాదు.

నాకు పదిహేనో ఏట పెళ్లయింది. పిల్లలు కాలేదు. నాలుగేళ్లకు నా భర్త ఇంకొకతెను తెచ్చుకున్నాడు. నేను వంటింట్లో ఉండగానే ఆమెకు హారతి పట్టారు. హారతి పళ్లెం తోమి పెట్టింది నేనే. మరుసటి నెల మా అన్న వచ్చాడు. ఒక్క ప్రశ్న అడగలేదు. నా ట్రంకు పెట్టె తానే ఎత్తుకుని బండిలో పెట్టాడు. అప్పటి నుంచి ఆయన నీడలోనే ఉన్నాను. మెడలో పుస్తెలు అలాగే ఉంచుకున్నాను. వాటిని కట్టినవాడు బాగుండాలని నోములూ పట్టాను. బాగానే ఉన్నాడట, ఇప్పటికీ. ఓర్చుకోవడమే నా ధర్మమని, దానికి పైన ఎక్కడో లెక్క ఉంటుందని గట్టిగా నమ్మాను.

పెళ్లి చట్టం వచ్చినప్పుడు అన్న ఢిల్లీ నుంచి దిగీ దిగగానే, చెప్పులైనా విడవకుండా నా దగ్గరికి వచ్చాడు. మొహం వెలిగిపోతోంది.

“చెల్లె, ఇగ నువ్వు కోర్టుల కాయితం పెట్టొచ్చు. చట్టం అయింది.”

నేను సంతోషించాలి కదా? నాకు ఒళ్లు మండింది. “నా పసుపు కుంకుమల జోలికి నీ చట్టమెందుకొస్తదన్నా?” అన్నాను. ఆయన మొహం చిన్నబోయింది. మళ్లీ ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు.

ఆ ఏడు తిరిగేసరికి ఆ ఉత్తరం వచ్చింది.

బోథ్ దగ్గరి పల్లె నుంచి. కలిగిన ఇంటి ఆడపిల్ల. రాత కుదురుగా ఉంది. ఎవరో ఇంట్లోనే నేర్పిన రాత, నాలాగే. పిల్లలు కాలేదని భర్త ఇంకొకతెను తెచ్చాడట. తను పుట్టింటికి వచ్చిందట. అక్కడ చాలా కులాల్లో విడుపు కాగితం రాసుకోవడం తాతల నుంచి ఉన్నదే. వాళ్ల కులంలో లేదు. పెద్దమనుషులు తిరిగి పొమ్మంటున్నారు. చివరి వాక్యాలు నాకు కంఠతా వచ్చు: “మా బాపు నన్ను ఉంచుకుంటనంటుండు. కొత్త చట్టం మాకు వర్తిస్తదా లేదా మీరు ఒక్క ముక్క రాస్తే, అది పెద్దమనుషులకు చూపిస్తడట. మీరు పొమ్మంటే పోత, ఉండుమంటే ఉంట.”

నా కథే. నేను రాయని ఉత్తరం ఇంకొకతె రాసింది.

అన్న ఇంకా వాకిట్లోకి రాలేదు. నేను దాన్ని మడిచి, దేవుడి గూట్లో, బాసర నుంచి తెచ్చుకున్న సరస్వతి పటం వెనక పెట్టాను. ఆ పూట మిగతా టపా అంతా చదివాను. “గింతేనా?” అన్నాడు. “గింతే,” అన్నాను. ఆ తల్లి పటం వెనకే ఎందుకు దాచాను? వేరే చోటే లేదా ఇంట్లో?

ఎనిమిది రోజులు అది అక్కడే ఉంది. తొమ్మిదో రోజు నేనే జవాబు రాశాను. మా అన్న రాసినట్టు. “చట్టం ఉన్నా ఇల్లు ఇల్లే తల్లీ. తొందరపడి బయటికి రావద్దు. అత్తవారింటికి పో. ఓర్చుకున్నవాళ్లను దేవుడు చూస్తడు.” ఆ రోజు అన్న కాజీపేటలో ఢిల్లీ రైలు అందుకోవాలి. చదివి వినిపించిన ఉత్తరాల కట్టలో దాన్ని కలిపాను. ఆయన నిలబడే సంతకాలు పెట్టాడు. దాని మీద కూడా పెట్టాడు. దేవుడిని ఎరగని మనిషి, దేవుడు చూస్తాడని రాసిన దాని కింద.

ఎందుకు చేశాను? చాలాకాలం నాకు నేను రెండు జవాబులు చెప్పుకున్నాను. అన్నను సంసారాలు కూల్చేవాడంటారు, ఆయన కోసమే చేశానని ఒకటి. ధర్మం కోసం చేశానని ఇంకొకటి. రెండూ అబద్ధాలు కావు. కానీ ఆ రెంటినీ పక్కకు జరిపితే అడుగున ఒకటి కూర్చుని ఉంది. అది చిన్నది, నల్లది. ఆమె ఒక్క కాగితంతో దింపుకోగలిగితే, నేను ఇన్నేళ్లు మోసిన దానికి విలువేమిటి? నేను ఓర్చుకున్నాను కదా, ఆమె ఎందుకు ఓర్చుకోకూడదు? ఇంతే. నా అన్న నా పెట్టె ఎత్తుకుని ఇంటికి తెచ్చినట్టే ఆమె తండ్రి ఆమెను ఉంచుకుంటానన్నాడు. నాకు దొరికిన నీడనే, ఆమెకు దొరకబోతుంటే, నేను తీసేశాను.

ఐదేళ్లు ఏమీ కాలేదు. అన్న ఇంకొకసారి గెలిచాడు. నేను చదువుతూనే ఉన్నాను, రాస్తూనే ఉన్నాను. మరిచిపోయానని కూడా అనుకున్నాను.

మూడోసారి ఎన్నికల్లో, బోథ్‌లో అంగడి రోజు, మీటింగు పెట్టారు. ఆడవాళ్లతో మాట్లాడటానికి నన్నూ వెంట తీసుకుపోయాడు. పత్తి బండ్ల పక్కన బల్ల వేసి అన్న మాట్లాడుతున్నాడు. పెళ్లి చట్టం మాట రాగానే ఆడవాళ్ల వైపు నుంచి ఒకామె లేచింది. సన్నగా, పొడుగ్గా ఉంది. కొంగు ముడి విప్పి ఒక కాగితం తీసింది.

“వకీలు సాబ్, జర ఆగు. నువ్వు ఢిల్లీల ఒకటి చెప్తవు, నాకొకటి రాస్తవు. ఏది నమ్మాలె?”

అన్న బల్ల దిగి ఆమె దగ్గరికే పోయాడు. కాగితం తీసుకుని, అలవాటుగా, వెనక్కి చూడకుండానే నాకు అందించాడు.

“సదువు చెల్లె.”

చదివాను. నా రాతను నేనే, అంతమంది ముందు. ఒక్క అక్షరం విడిచిపెట్టలేదు. విడిచిపెట్టి ఉంటే ఆమె పట్టేది. ఆ ఉత్తరం ఆమెకు కూడా కంఠతా వచ్చని ఆమె పెదవులు చూస్తే తెలిసింది. రాసింది నేనని చెప్పడానికి నాకు ఒక్క ఊపిరి కావాలి. ఆ ఊపిరి తీసుకోలేదు.

వెనక నుంచి ఎవడో “ఏక్ ముహ్, దో బాత్! నోరొకటి, మాటలు రెండు!” అని అరిచాడు. జనం నవ్వారు. అన్న నవ్వలేదు. అడుగున సంతకం చూశాడు. చాలాసేపు చూశాడు.

“సంతకం నాదే,” అన్నాడు. “సంతకం నాదైతే మాట నాదే. తప్పు రాసిన తల్లీ. చట్టం నీకు వర్తిస్తది. ఇప్పుడన్నా కాయితం పెడ్త, పైస వద్దు, నేనే నిలవడ్త.”

“ఇప్పుడెందుకు సాబ్? అప్పుడు మా బాపుండె. ‘సాబ్ ఏం రాస్తే గదే జేద్దాం బిడ్డా’ అన్నడు. నువ్వు పొమ్మన్నవు, పోయిన. బాపు సచ్చిపోయిండు. ఇప్పుడు కాయితమొస్తె ఏ గడపల ఉండాలె? మా అన్నలు నీ అసొంటోళ్లు గాదు.”

ఆ చివరి మాట అంటూ ఆమె నావైపు చూసింది. కోపంగా కాదు. అదృష్టవంతురాలిని చూసినట్టు చూసింది. తరువాత కాగితం నా చేతిలోంచి తీసుకుని, మడిచి, మళ్లీ కొంగున కట్టుకుని పోయింది.

ఇంతవరకు చెప్పింది ఒక తప్పు. అసలు తప్పు దాని తరువాత చేశాను.

జీపులో తిరిగి వస్తున్నాం. గోదావరి దాటాం. జగిత్యాల దాటాక అన్న అడిగాడు.

“చెల్లె, ఆమె ఉత్తరం నాకు సదివినవా?”

తలుపు తెరిచి పెట్టినట్టే అడిగాడు. నేను లోపలికి అడుగు పెడితే చాలు.

“సదివిన అన్నా. నువ్వే చెప్పినవు. యాది మరిచినవు.”

“నేను గంత మాట చెప్పిన్నా?”

“ఆ రోజు రైలు తొందరల ఉంటివి.”

ఆయన తల ఊపాడు. నమ్మాడు. నా మాట కాక ఇంకెవరి మాట నమ్ముతాడు? కాసేపటికి కొండగట్టు కనిపించింది. అలవాటుగా చేతులు జోడించాను. “నా దండం గూడ” అని ఆయన ఎప్పుడూ అనేది ఆ రోజు అనలేదు.

ఆ ఎన్నికల్లో అన్న ఓడిపోయాడు. బోథ్ మాట ఊరూరా పోయింది, దాని వల్లనా, వేరే కారణాలా, నాకు తెలియదు. ఓడినందుకు ఆయన పెద్దగా ఫికర్ పడలేదు. మళ్లీ నల్ల కోటు దులిపి వేసుకున్నాడు. కానీ ఒక పని మొదలుపెట్టాడు. కొత్తగా చేరిన జూనియర్లకు ఆ కథ చెప్తాడు. “ఒక ఆడమనిషి నన్ను చట్టమడిగింది. నేను పెద్దమనుషుల మాట చెప్పిన. చెప్పింది యాదికి గూడ లేదు. యాదికి లేకపోవుడు ఇంకా పెద్ద తప్పు. పైకి గింత మాట్లాడే నా లోపల ఎవడున్నడో చూసుకోవాలె గదా,” అంటాడు. నేను చాయ్ అందిస్తూ వింటాను. వినకుండా శిక్ష వేయొద్దని జీవితమంతా చెప్పిన మనిషి, తాను చేయని తప్పుకు తనకే శిక్ష వేసుకున్నాడు. సాక్ష్యం నాది.

ఎన్నిసార్లు నోటిదాకా వచ్చిందో! చెప్తే నన్ను పొమ్మంటాడని భయమా? పొమ్మనడు. అది నాకు తెలుసు. పొమ్మనడని తెలిసినందుకే చెప్పలేకపోయాను.

పోయిన ఏడాది ఒకరోజు పలక పట్టుకుని వచ్చి నా ముందు కూర్చున్నాడు. “తెలుగు నేర్పు చెల్లె,” అన్నాడు. ఈ వయసులో ఎందుకన్నాను. “నా పేరు మీద పోయే మాట నేనే సదువుకోవాలె గదా,” అన్నాడు. మామూలుగా అన్నాడా, తెలిసి అన్నాడా? ఆ రోజు నుంచి ఆలోచిస్తున్నాను. ఆయన మొహంలో ఏమీ దొరకలేదు.

బాపు నాకు నేర్పినట్టే నేర్పాను. ఉర్దూ అలవాటుకు కుడి నుంచి మొదలుపెట్టేవాడు. “మీ అక్షరాలన్నీ జిలేబీలే చెల్లె, ఏది ఏదో తింటేగాని తెల్వదు,” అని విసుక్కునేవాడు. ఇద్దరం నవ్వుకునేవాళ్లం. పొద్దున ఎండ, పలక, ఆయన వేలు, నా వేలు. నా బతుకులో ఇంతకంటే మంచి కాలం లేదు. నిజం. ఇప్పుడు ఒత్తులు కూడా వచ్చాయి. కూడబలుక్కుని చదువుతాడు.

బోథ్ ఆమెకు పోయిన నెల ఉత్తరం రాశాను. నా పేరుతో, నా సంతకంతో. జరిగింది జరిగినట్టు. జవాబు రాలేదు. జవాబు కోసం రాయలేదు. ఆమె ఇంకా ఆ ఇంట్లోనే ఉందని మాత్రం తెలుసు. ఆమె పోగొట్టుకున్న గడపను నేను తెచ్చి ఇవ్వలేను. ఈ మాటకు మందు లేదు.

దీన్ని రెండు ప్రతులు రాశాను. ఒకటి మీకు. రెండోది పెద్ద పెద్ద అక్షరాలతో, పదానికీ పదానికీ మధ్య జాగా విడిచి, అన్నకు. మీ ప్రతి ఎనిమిది పుటలైతే, ఆయనది ముప్పై దాటింది.

పొద్దున దీపం పెట్టాక చేతులు జోడించాను. అరచేతికి అరచేయి తగిలింది. అంతే. ఇంకేమీ అడగలేదు.

టపా ఇంకో గంటలో వస్తుంది. ఆయన ప్రతిని అన్నిటికంటే పైన పెట్టాను. ఈసారి నేను చదివి వినిపించను. ఆయనే చదువుకోవాలి. రోజుకు రెండు పుటలకు మించి సాగదు. గాడిద దగ్గర నవ్వుతాడు. సరస్వతి పటం దాకా రావడానికే వారం పైన పడుతుంది. జీపు దాకా రావడానికి ఇంకా ఎక్కువ. అన్ని రోజులూ నేను ఆ పీట మీదనే కూర్చుంటాను. ఎక్కడైనా ఒత్తు దగ్గర ఆగి, “చెల్లె, గిదేంది?” అని అడుగుతాడు.

చెప్తాను. ఒక్క అక్షరం విడిచిపెట్టకుండా.